మూడో సూది

ట్యాంకరు ట్రాక్టరు మీంచి దిగబోయిన కాటప్ప, ఒక కాలు నేలకు ఆనగానే చటుక్కున వెనక్కి తిరిగి చూశాడు.

"ఎవురప్పా నన్ను తన్నింది?" అన్నాడు.

అతని వెనక ఎవరూ లేరు. బురద పట్టిన టైరు, దాని మీంచి కారుతున్న నీళ్ళు, అంతే. సోలార్ ప్యానెళ్ళ వరుస పక్కన పొడుగు కర్ర తుడుపుతో నిలబడిన నరసక్క ఆ మాట విని నవ్వబోయింది. కాటప్ప ఎప్పుడూ ఏదో ఒక తమాషా చేసే మనిషి. కానీ అతను నవ్వడం లేదు. తన్నిన మనిషి కోసం చూస్తూనే ఇంకో అడుగు వేయబోయి, వేయలేక, కంకర మీద కూలబడ్డాడు. కుడి పాదం చెప్పిన మాట వినకుండా పక్కకు వాలిపోయింది. అతని మొఖంలో నొప్పి కంటే ఆశ్చర్యమే ఎక్కువగా ఉంది.

సూపర్వైజరు ధనంజయ పరిగెత్తుకొచ్చి అతని బూటు విప్పాడు. మడమ పైన, గట్టి తాడులా తగలాల్సిన చోట వేలు పెట్టి చూశాడు. వేలు మెత్తగా లోపలికి దిగింది. నిప్పు తగిలినవాడిలా చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

కాటప్పను జీపులో పావగడకు, అక్కణ్ణుంచి తుమకూరుకు తీసుకుపోయారు. మధ్యాహ్నం ముద్ద తినే వేళకు కబురొచ్చింది. మడమ వెనక నరం పూర్తిగా తెగిందట. కోసి కుట్టాలట. ఆ మాట వెనకే ఇంకో మాట వచ్చింది. నరం ఊరికే తెగలేదు, వై.ఎన్.హొసకోటలో మల్లేశప్ప వేసే సూదుల వల్లే తెగిందని అక్కడి డాక్టర్లు అన్నారట.

నరసక్క చేతిలోని రాగిముద్ద చేతిలోనే ఉండిపోయింది. పక్కన కూర్చున్న ఓబక్క, గ్యాంగులో అందరికంటే పెద్దది, ఆమె వైపు ఒకసారి చూసి తల తిప్పుకుంది. నరసక్క ఎడమ మడమలో మల్లేశప్ప సూది రెండుసార్లు దిగిందని ఓబక్కకు తెలుసు. మూడోది వచ్చే ఆదివారం వేయించుకోవాలని కూడా తెలుసు.

మొదటి సూది వేసిన మరుసటి రోజు నరసక్కకు తన కాలు తనది కాదేమో అనిపించింది. అంత తేలికైపోయింది. రెండోది అంత పని చేయలేదు. ఆ కాస్త గుణం కూడా ఇప్పుడు అయిపోయింది.

*

తెల్లవారి లేచి చాప మీద కూర్చుని, కాలు కింద పెట్టాలా వద్దా అన్నట్టు ఆమె కాసేపు దాని వైపే చూసింది. ఆ మొదటి అడుగంటేనే భయం. కంది కోసిన చేలో వట్టి కాలితో నడిస్తే మోడు దిగుతుందే, అలా దిగుతుంది మడమ అడుగున. గోడ పట్టుకుని లేచింది. ముందు మునివేళ్ళ మీద, తరువాత పాదం అంచు మీద, చివరికి కళ్ళు మూసుకుని మడమ మీద బరువు వేసింది. పొయ్యి దాకా పోయేసరికి నుదుట చెమట పట్టింది.

మొగుడు పెద్దతిమ్మప్ప దొడ్డి కాడ గొర్రెల్ని వదులుతూ ఇదంతా చూశాడు.

"ఈపొద్దు మాను," అన్నాడు.

"మానితే ఇంగొకరిని పెట్టుకుంటారు."

"పెట్టుకోనీ. కాటప్ప మాదిరి నీదీ తెగితే?"

రాత్రంతా నరసక్క తనను తాను అడుగుతున్న ప్రశ్న కూడా అదే. తెగితే కోస్తారు. తనలా సుగరు ఉన్నవాళ్ళకు కోసిన గాయం మానదంటారు. మానకపోతే కాలే తీసేస్తారంటారు. అక్కడిదాకా పోయి ఆగిపోయేది ఆలోచన. ఆ మాట నోటితో అంటే నిజమైపోతుందేమోనని మొగుడితో కూడా అనలేదు.

"గొర్రెలు పక్క చేలో పడతాండాయి, చూసుకో పో," అంది.

సోలార్ పార్కు గేటు దగ్గర జీపు దిగి వరుసల్లోకి నడుస్తుంటే ఎండ ఇంకా రాలేదు. గాజు చల్లగా ఉన్నప్పుడే తుడవాలి. వేడెక్కిన తరువాత నీళ్ళు పోస్తే మరకలు పడతాయి. ట్యాంకరు పైపుతో నీళ్ళు చల్లుకుంటూ ముందు పోతే, ఆడవాళ్ళు కర్ర తుడుపులతో పై నుంచి కిందికి లాగుతూ వెనక పోతారు. ఒక వరుస అయితే మళ్ళీ వరుస. తుడుపు ఎత్తిన ప్రతిసారీ బరువంతా మడమ మీదికి వస్తుంది. నరసక్క కుడి కాలి మీద ఒరిగి లాగడం నేర్చుకుంది. దాంతో ఇప్పుడు నడుము కూడా పట్టేస్తోంది.

ఆ వరుసలు నిలబడిన నేల ఒకప్పుడు నరసక్క వాళ్ళ చేనే. మూలన తీయకుండా వదిలేసిన రాతిగుండు ఒకటి ఉంది. దాన్ని బట్టే గుర్తు. దాని పక్కన ఒకప్పుడు వేరుశనక్కాయలు కుప్ప పోసేవాళ్ళు. ఆ గుండు దాటినప్పుడల్లా ఆమె దాన్ని చేత్తో తాకుతుంది. మెడలో ఈ గుర్తింపు కార్డు ఉన్నన్నాళ్ళే ఆ తాకడం. అది పోతే కంచె బయట నిలబడి చూడాల్సిందే.

ధనంజయ ఆమె కుంటడం చూసి దగ్గరికొచ్చాడు. పక్క ఊరి రైతు కొడుకు, మర్యాద తెలిసినవాడు. ఆదివారాలు జీపు తీసి, నొప్పులున్న వాళ్ళందరినీ హొసకోటకు తీసుకుపోయి సూదులు వేయించి తీసుకొచ్చేది అతనే. అది తాను చేసే సాయమని అతని నమ్మకం. వాళ్ళ నమ్మకమూ అదే.

"ఆదివారం దాకా ఎందుకక్కా? ఈ మాపటికే తీసకపోతా. మల్లేశప్పకి చెప్పినా," అన్నాడు.

"కాటప్పకి అట్ల అయింది గదా నాయనా."

"వాంది వేరే. వాడు వెనకపక్క ఏయించుకున్యాడు, నీది అడుగున." ఆ మాట ఆమెను చూసి కాక, ప్యానెళ్ళను చూసి అన్నాడు. "దుమ్ము చూడు ఎట్లుండాదో. వాన జాడ లేదు. పైనోళ్ళు రోజూ ఫోన్ చేస్తాండారు. కాటప్ప లేడు, నువ్వూ లేకపోతే నేనేం చేసేది?"

నరసక్క తుడుపును నీళ్ళలో ముంచి పిండింది.

"సరే, పోదాం," అంది.

*

మల్లేశప్ప క్లినిక్కు ఎరువుల అంగడికీ టైలరు కొట్టుకూ మధ్య ఒకే ఒక గది. మామూలుగా సాయంత్రమైతే చెప్పులు వాకిలి దాటి రోడ్డు మీదికి వచ్చి ఉంటాయి. ఆ రోజు ఒక్క జత కూడా లేదు. ధనంజయ ఆమెను వాకిట్లో దింపి మళ్ళీ పార్కుకు పోయాడు. నరసక్క కర్టెను తీసి లోపలికి పోయింది.

మల్లేశప్ప బల్ల వెనక కూర్చుని ఉన్నాడు. పెద్ద ఆస్పత్రిలో ఏళ్ళ తరబడి కాంపౌండరుగా చేసి వచ్చిన మనిషి. అతన్ని డాక్టరప్ప అనే పిలుస్తారు చుట్టుపక్కల పల్లెల్లో.

"కూచోక్కా," అన్నాడు.

ఆమె కూర్చోలేదు. అలవాటు ప్రకారం బెంచీ మీద బోర్లా పడుకుని, చీర కుచ్చిళ్ళు కాళ్ళ మధ్యకు దోపుకుని, ఎడమ కాలు అతని వైపు పెట్టింది. పళ్ళు బిగపట్టి దూది తడి కోసం ఎదురుచూసింది. స్పిరిట్ వాసన రాలేదు. సీసా మూత తీసిన చప్పుడూ లేదు.

"లెయ్యక్కా. నేను ఏయను."

ఆమె తల తిప్పి చూసింది. "అంటే?"

"నీకే కాదు. ఎవురికీ ఏయను ఇంగ."

నరసక్క లేచి కూర్చుంది. భయపడుతూ వచ్చిన మనిషికి ఇప్పుడు కోపమొచ్చింది. "అందరికీ ఏసినావు. నా కాడికొచ్చేసరికి ఏయవా? రేపు నేను ఎట్ల నడిచేది?"

మల్లేశప్ప రెండు చేతులూ బల్ల మీద పెట్టుకున్నాడు. "పొద్దున తుమకూరుకి పోయింటి. కాటప్పని చూడాలని. వాని పెండ్లాం బయట బెంచీ మీద కూచోనుండాది. తిడతాదనుకుంటి. చెప్పుతో కొడతాదనుకుంటి. ఆయమ్మ ఏమనలేదు. నన్ను చూసి, పక్కకి జరిగి, కూచోమని చోటిచ్చింది. ఆ బెంచీ మీద కూచోలేకపోతినక్కా."

టైలరు మిషను చప్పుడు గోడ అవతల నడుస్తూ ఉంది.

"అందులో ఏముండాది?" అని అడిగింది నరసక్క. ఇన్నాళ్ళలో ఆ ప్రశ్న అడగడం ఇదే మొదలు.

"స్టెరాయిడ్ అంటారు. వాపుని లాగేస్తాది. నొప్పి పోతాది. కానీ నొప్పి ఎందుకొచ్చిందో దాన్ని బాగుచేయదు. ఒగసారి ఏస్తే మంచిదే. మళ్ళీ మళ్ళీ ఏస్తే లోపల నరం పుచ్చిపోతాది, బాయి మోకు నాని పుచ్చిపోతాదే, అట్ల. కాటప్పకి వెనకపక్క ఏయనే కూడదు. తెలిసీ ఏసినా. ఏసినప్పుడంతా వాడు గెంతుకుంటా పోయేవాడు గదా."

"నాకు సుగరు ఉండాదని చెప్పినా గదా నీకు."

"చెప్పినావు."

"రెండోది ఏసినాక తల తిరిగేది. నోరు ఎండకపోయేది."

"దాంతోనే. కొన్నాళ్ళు సుగరు పెరుగుతాది ఆ మందుకి."

నరసక్క అతని వైపే చూస్తూ ఉంది. "ముందే ఒక మాట చెప్పొచ్చు గదా, మల్లేశప్పా."

"చెప్పినా నువ్వు ఏయమనే అందువు అక్కా."

ఆమె ఆలోచించింది. పొద్దున గోడ పట్టుకుని లేవడం గుర్తొచ్చింది. "అందును," అంది. "అయినా చెప్పాల."

అతను తలూపాడు. లేచి, గోడకు తగిలించిన బండి తాళం తీసుకుని జేబులో వేసుకున్నాడు.

"ఇప్పుడు ఇంటికాడ దింపుతా పా. రేపు పావగడలో ఎముకల డాక్టరుంటాడు. నేనే తీసకపోతా. ఏమేమి ఏసినానో నా నోటితోనే చెప్పల్ల ఆయప్పకి."

"ఆయప్ప నిన్ను తిడతాడు."

"తిట్టనీ," అన్నాడు మల్లేశప్ప.

*

పావగడ కొండ బండల మీద పొద్దుటి ఎండ అప్పుడే పడుతోంది, వాళ్ళు బండి దిగేసరికి. సర్కారు ఆస్పత్రి వరండాలో జనం గోడ వెంబడి కూర్చుని ఉన్నారు. నర్సు నరసక్క వేలు పొడిచి నెత్తురు చుక్క తీసుకుంది. ఆమె మనసు మాత్రం వేలి దగ్గర లేదు. బల్ల మీద పడుకోబెట్టి కోస్తారో, మత్తిచ్చి కోస్తారో అని వచ్చేపోయే వాళ్ళ కాళ్ళే చూస్తూ కూర్చుంది. కట్టు కట్టిన కాళ్ళు, కర్ర ఊతగా నడిచే కాళ్ళు అన్నీ ఆ రోజు ఆమెకే కనపడ్డాయి.

డాక్టరు యోగానంద వయసులో చిన్నవాడే. "ఎల్లి నోవమ్మా?" అని నొప్పి ఎక్కడో కన్నడంలో అడగడం మొదలుపెట్టి, మల్లేశప్ప తెలుగులో చెప్పడం విని తెలుగులోకి దిగాడు. మల్లేశప్ప ఏదీ దాచలేదు. మందు పేరు, ఎక్కడెక్కడ వేశాడో, సుగరు సంగతి తెలిసే వేశానని, అన్నీ నిలబడే చెప్పాడు. డాక్టరు వింటూ వింటూ కలం కింద పెట్టేశాడు. తిట్టలేదు.

"ఇంక ఎవరికీ వేయొద్దు," అన్నాడు.

"ఏయను సార్."

"తుమకూరులో కుట్టింది నా స్నేహితుడే. ఆ మనిషి నడుస్తాడు. కొన్ని నెలలు పడుతుంది, నడుస్తాడు."

మల్లేశప్ప గోడ వైపు తిరిగి నిలబడ్డాడు.

డాక్టరు నరసక్కను బల్ల మీద బోర్లా పడుకోబెట్టి, పాదాలు అంచు దాటి వేలాడేలా జరిపాడు. పిక్కను గుప్పెట్లోకి తీసుకుని మెల్లగా పిసికాడు. పాదం దానంతటదే కిందికి ఊగింది. మళ్ళీ పిసికాడు. మళ్ళీ ఊగింది.

"బాగుంది," అన్నాడు.

"ఏంది సార్ బాగుండేది?"

"నరం. తెగలేదు, గట్టిగా ఉంది."

ఆమెకు ఆ మాట లోపలికి పోవడానికి కొంచెం సేపు పట్టింది. ఈలోగా అతను మడమ అడుగున బొటనవేలుతో ఒక చోట నొక్కాడు. నరసక్క "అమ్మా" అని బల్ల అంచు పట్టుకుంది. ఆ చోటే వెతుకుతున్నట్టు అతను తల పంకించాడు.

"అరికాలి కింద ఒక పట్టీ ఉంటుందమ్మా, మడమ నుంచి వేళ్ళ దాకా. అది మడమ దగ్గర వాచింది. అంతే జబ్బు. ఈ సూది చెడ్డదేం కాదు, అవసరమైతే నేనూ వేస్తాను. సుగరు చూసి, ఎక్కడ వేయాలో అక్కడ, ఎప్పుడో ఒకసారి. నీకు మూడోది వద్దు. కాలు ఏ బూట్లలో పెడుతున్నావు?"

బూట్లు గది బయట విడిచి ఉన్నాయి. మల్లేశప్ప పోయి తెచ్చాడు. పసుపు రంగు దారాలతో, ముందు ఇనప టోపీ ఉన్న బరువైన పని బూట్లు. డాక్టరు ఒకదాన్లో చెయ్యి పెట్టాడు. లోపల ఏదో తగిలితే పట్టుకుని లాగాడు. పాత చీర పీలిక ఒకటి వచ్చింది. దాని వెనక ఇంకొకటి, దాని వెనక తువాలు ముక్క.

"ఎవరివమ్మా ఇవి?"

"నావే సార్."

"మగవాళ్ళవి. నీ కాలికి ఎంత పెద్దవో చూడు. మడమకు పట్టు లేదు, కింద చూస్తే పలకలా ఉంది. పొద్దంతా కంకర మీద ఇది జారుతుంటే ఆ పట్టీ ఏమవుతుంది?"

"ఆడోళ్ళందరికీ అవే వస్తాయి సార్. గుడ్డలు కుక్కుకుంటాం."

"అందరికీ మడమ నొప్పులా?"

నరసక్క వేళ్ళు మడుస్తూ పేర్లు తలుచుకోబోయింది. ఓబక్క పేరు దగ్గరే ఆగిపోయింది. లెక్కపెట్టడమెందుకు, సూదికి పోని ఆడమనిషి గ్యాంగులో లేదు.

డాక్టరు పొద్దున లేవకముందే తువాలు పాదానికి వేసి లాక్కోవడం, నీళ్ళ సీసా అరికాలి కింద దొర్లించడం చేసి చూపించాడు. మడమ కింద పెట్టుకోవడానికి మెత్తటి దిండ్లు రాశాడు. బండల మీద వట్టి కాలితో నడవొద్దన్నాడు, కొన్నాళ్ళు నడక పని మానమన్నాడు. సుగరు కొంచెం ఎక్కువుంది, మాత్రలు మానకుండా వేసుకుని మళ్ళీ రమ్మన్నాడు. నరసక్క అన్నిటికీ తలూపుతూ, కదలకుండా అక్కడే నిలబడింది.

"ఇంకేమమ్మా?"

"కాలు తీసేయరు గదా సార్?"

డాక్టరు ఆమె మొఖంలోకి చూశాడు. నవ్వలేదు. "ఇంత మంచి కాలు ఎందుకు తీస్తామమ్మా? నిదానంగా తగ్గిపోతుంది. పో, ఏమన్నా తిను."

ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని బయటికొచ్చింది. వరండా చివర స్తంభం దగ్గర నిలబడి, ఎవరు చూస్తున్నారో పట్టించుకోకుండా, కరువుతీరా ఏడ్చింది. కన్నీళ్ళు ఆగిన తరువాత విపరీతమైన ఆకలి వేసింది.

బస్టాండు ఎదుట హోటల్లో ఇడ్లీ తెప్పించాడు మల్లేశప్ప. ఆమె చట్నీ మళ్ళీ వేయించుకుని తింది. వడ కూడా అడిగింది. అతను మాత్రం ప్లేటు ముందు పెట్టుకుని కూర్చున్నాడు.

"కోపముండాదా అక్కా?"

"ఉండాది," అంది నరసక్క. వడను రెండు ముక్కలు చేసి ఒకటి అతని ప్లేటులో వేసింది. "తిను. బండి నడపాల నువ్వు."

*

మరుసటి పొద్దున ఆమె రబ్బరు చెప్పుల్లో మెత్తటి దిండ్లు పెట్టుకుని, బూట్లు చేతిలో పట్టుకుని జీపు ఎక్కింది.

"నిన్న రాలేదే అక్కా, ఏసినాడా?" అని అడిగాడు ధనంజయ, పంపు షెడ్డు దగ్గర.

"లేదు. ఏయడంట ఇంగ. పావగడలో డాక్టరుకి చూపించినా. నరం బాగుండాదంట." ఆ ముక్క చెప్పేటప్పుడు ఆమె గొంతు దానంతటదే పైకి లేచింది. "కొన్నాళ్ళు నడిచే పని వద్దన్యాడు. కూచోని చేసేది ఏదన్నా ఉంటే ఇయ్యి నాయనా."

"కూచోని చేసే పని యాడుండాదక్కా ఈడ?"

అతను అలాగే అంటాడని ఆమెకు తెలుసు. జీపులో వస్తూ వస్తూ ఏం చెప్పాలో అనుకున్న మాటలేవీ నోటికి రాలేదు. వంగి, బూట్లు అతని ముందు సిమెంటు గట్టు మీద పెట్టి, లోపలి గుడ్డలు ఒక్కొక్కటే తీసి పక్కన పెట్టింది.

"దీనివల్లంట," అంది.

ఓబక్క తుడుపు గోడకు ఆనించింది. గట్టు మీద కూర్చుని తన బూట్లు విప్పింది. అందులోంచి వచ్చింది మనమరాలి పాత గౌను, నాలుగు మడతలు. ఆ వెనక మిగతావాళ్ళూ కూర్చున్నారు. చీర ముక్కలు, పంచె ముక్కలు, గోనె పీలికలు, చెమటకు బిగుసుకుపోయి పాదాల ముందు ఉండలుగా పడ్డాయి.

ధనంజయ వాటినే చూస్తూ నిలబడ్డాడు. ఆ బూట్లు వాళ్ళను వరుసగా నిలబెట్టి పంచింది తనే. పెద్దవైనాయని ఒకరిద్దరు అంటే, గుడ్డ పెట్టుకోండి అన్నదీ తనే. జేబులోంచి ఫోన్ తీసి స్టోరు వాళ్ళకు చేశాడు. గాలి హోరుకు వినపడదని స్పీకరు పెట్టాడు. ఆడవాళ్ళ బూట్లు ఉన్నాయా అని అడిగాడు.

"ఉన్నాయి. ఎన్ని కావాలంటే అన్ని పంపిస్తాం," అంది అవతలి గొంతు. "మీ సైటు నుంచి ఎప్పుడూ అడగలేదే? సైజులు పంపండి."

అంతే. ఫోన్ కట్టయింది. ధనంజయ దాన్ని చేతిలో పట్టుకునే ఉన్నాడు, ఇంకా ఏదో వినాల్సి ఉన్నట్టు.

"ఇంతేనా?" అంది ఓబక్క.

"ఇంతేనక్కా," అన్నాడు. "నేను అడగలేదు." నరసక్క వైపు తిరిగాడు. "పంపు కాడ కూచో నువ్వు. ట్యాంకు నిండితే వాల్వు కట్టేయాల. కాటప్ప చేసే పనే. వాడొచ్చేదాకా నువ్వు చూడు. వాడొచ్చినాక కూడా, వాణ్ణి ట్రాక్టరు ఎక్కనీను, ఇద్దరికీ కూచోని చేసే పనే ఇంగొకటి నేనే చూస్తా."

సైజులు చెప్పమంటే ఎవరికీ తెలియలేదు. సంతలో కాలు పెట్టి చూసి చెప్పులు కొనుక్కున్న వాళ్ళే అందరూ. ధనంజయ ప్యానెళ్ళు వచ్చిన అట్టపెట్టె ఒకటి చింపి నేల మీద పరిచాడు. ప్యాంటు మోకాళ్ళు పైకి లాక్కుని దాని ముందు కూర్చున్నాడు.

"కాలు పెట్టండి ఒక్కొక్కరే," అన్నాడు.

మొదట ఎవరూ కదల్లేదు. మగవాడు, అందులోనూ సూపర్వైజరు, తమ కాళ్ళ దగ్గర కూర్చోవడం వాళ్ళకు ఎలాగో ఉంది. ఓబక్కే ముందుకొచ్చి, చీర కాస్త ఎత్తి, పగిలిన పాదాన్ని అట్ట మీద పెట్టింది. అతను పెన్సిలు పాదం చుట్టూ తిప్పి, పక్కన పేరు రాశాడు. తరువాత ఇంకొకరు.

నరసక్క వంతు వచ్చింది. ఆమె ఎడమ పాదం పెట్టింది. ధనంజయ ఒక చేత్తో చీలమండ పట్టుకున్నాడు.

"గుదికాలి కాడ నొప్పైతే చెప్పక్కా. మెల్లగ తిప్పుతా."

పెన్సిలు చిటికెన వేలి పక్క నుంచి బయలుదేరి, పాదం అంచు వెంబడి మడమ వైపు జరిగింది. నరసక్క ఊపిరి బిగపట్టింది. పెన్సిలు మడమ వెనక్కి చేరింది. నొప్పి కాదు, చక్కిలిగింత పెట్టింది. ఆపుకుందామనుకుంది. ఆగలేదు. నవ్వు బయటికొచ్చింది, కాలు కదిలింది, గీత పక్కకు పోయింది.

"కదలొద్దక్కా."

"ఏం చేసేది నాయనా, గిలి అయితాది," అంది, నవ్వుతూనే, పడిపోకుండా ఓబక్క భుజం పట్టుకుని. ఓబక్క కూడా నవ్వడం మొదలుపెట్టింది.

ధనంజయ తలెత్తలేదు. వంకర పోయినంత మేరా వేలితో తుడిచి, ఆమె పాదాన్ని మళ్ళీ సరిగా ఆనించి, మడమ దగ్గర నుంచి గీయడం మొదలుపెట్టాడు.